ఇర్వింగ్ లాంగ్‌మ్యూర్ (1881–1957)

చీకటి పడగానే మీట నొక్కి దీపమును వెలిగించుట మనకు నిత్యకృత్యము. ఇప్పుడు ఇండ్లలో వెలుగునవి చాలవరకు ఎల్.ఇ.డి. దీపములే. కాని మన తలిదండ్రుల బాల్యమున విద్యుచ్ఛక్తి గల యిండ్లలో సాధారణముగా వెలిగినది సన్నని తీగచుట్ట గల గాజుబుడ్డి. ఆ బుడ్డిని వెలుతురునకు సాధనముగా మాత్రమే గాక, ప్రకృతి రహస్యములను తెలిసికొనుటకు ప్రయోగశాలగా చేసికొనిన శాస్త్రజ్ఞుడొకడు గలడు. వాయువునందలి పరమాణువులు లోహపు ఉపరితలమును ఎట్లు పట్టుకొనునో లోకమునకు తేటపరచినవాడు ఆయనయే. ఆయన పేరు ఇర్వింగ్ లాంగ్‌మ్యూర్. ఆ మహాశయుని జీవితమును, ఆయన కనిపెట్టిన విషయమును బాలబాలికలకు ఈ సంచికలో సంగ్రహముగా తెలుప నెంచితిమి.

లాంగ్‌మ్యూర్ 1881వ సంవత్సరము జనవరి 31వ తేదీన అమెరికా దేశమునందలి బ్రూక్లిన్ నగరమున జన్మించెను. తండ్రి చార్లెస్, తల్లి శాడీ. వారి నలుగురు కుమారులలో ఆయన మూడవవాడు. ప్రకృతిని శ్రద్ధతో గమనింపవలెననియు, గమనించినదానిని వెంటనే వ్రాసి యుంచుకొనవలెననియు ఆ దంపతులు పిల్లలకు నేర్పిరి. విచిత్రమేమనగా, ఈ బాలుని చూపు మందము. పదునొకండేండ్లు వచ్చువరకు ఆ సంగతి ఎవరును గ్రహింపలేదు. తరువాత దృష్టిలోపము సవరింపబడగా, అంతవరకు మసకగా నున్న లోకము ఆయనకు స్పష్టముగా కనబడెను. చూపు విలువ ఎరిగిన బాలుడు గనుక, ఆనాటినుండి చూచుటయందు ఆయనకు గలిగిన ఆసక్తి జీవితాంతము వరకు తగ్గలేదు.

ఆయన అన్న ఆర్థర్ రసాయనశాస్త్రము నభ్యసించినవాడు. అన్న సాయముతో తమ్ముడు తన పడకగదిలో ఒక మూలను చిన్న ప్రయోగశాలగా నమర్చుకొనెను. ఆ కుటుంబము కొన్ని సంవత్సరములు పారిస్ నగరమున నివసించినందున ఆయన చదువు రెండు ఖండములలో సాగెను. 1903లో న్యూయార్కునందలి కొలంబియా విశ్వవిద్యాలయమున లోహశాస్త్రములో పట్టము పొంది, పిమ్మట జర్మనీ దేశమునకు పోయి, గొట్టింజెన్ విశ్వవిద్యాలయమున వాల్టర్ నెర్న్‌స్ట్ అను ప్రఖ్యాత ఆచార్యునియొద్ద శిష్యుడయ్యెను. అక్కడ ఆయన పరిశోధించినది ఎఱ్ఱగా కాలిన తీగ సమీపమున వాయువులు పొందు మార్పులను గూర్చి. 1906లో డాక్టరు పట్టము లభించెను. వేడి తీగ, దాని చుట్టును వాయువు: ఈ రెండే ఆయన జీవితకార్యమునకు పునాదులయ్యెనని పాఠకులు ముందు గ్రహింపగలరు.

స్వదేశమునకు తిరిగి వచ్చి, హోబోకెన్ పట్టణమున స్టీవెన్స్ విద్యాసంస్థలో మూడేండ్లు బోధకుడుగా పనిచేసెను. బోధన భారము వలన పరిశోధనకు తీరిక చిక్కలేదు. 1909వ సంవత్సరపు వేసవి సెలవులలో షెనెక్టడీ పట్టణమున జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీవారి పరిశోధనాలయమునకు తాత్కాలికముగా పోయెను. కొన్ని వారముల పనికై పోయినవాడు తన ఉద్యోగకాలమంతయు, అనగా 1950 వరకు, అక్కడనే యుండెను.

ఆ కాలమున దీపపు తంతువులకు టంగ్‌స్టను అను లోహమును వాడుట క్రొత్తగా వచ్చెను. లోహములన్నిటిలో కరగుటకు మిక్కిలి వేడి కావలసినది టంగ్‌స్టను. సుమారు 3,400 డిగ్రీల సెంటీగ్రేడుగాని లేనిదే అది కరగదు. పెళుసైన ఆ లోహమును సన్నని తీగగా సాగదీయు విధానమును అదే పరిశోధనాలయములోని విలియం కూలిడ్జ్ సాధించెను. అయినను ఒక చిక్కు మిగిలెను. దీపము కొన్నాళ్లు వెలిగిన పిమ్మట బుడ్డి లోపలివైపు నల్లబడి వెలుతురు తగ్గుచుండెను. బుడ్డిలో చిక్కియున్న కొద్దిపాటి గాలియే దీనికి కారణమనియు, ఆ గాలినికూడ తోడివేసి ఇంకను గొప్ప శూన్యము కల్పించినచో చిక్కు తీరుననియు ఇంజనీర్లు తలంచుచుండిరి.

లాంగ్‌మ్యూర్ దీనికి విరుద్ధమైన త్రోవ త్రొక్కెను. వాయువు చెరుపు చేయునని శంక యున్నచో, ఏ వాయువు ఎట్టి చెరుపు చేయునో ముందు తెలియవలెను గదా యని, బుడ్డిలోనికి వాయువులను తానే కావలెనని యొక్కొక్కటిగా పంపి, ప్రతిదాని ప్రభావమును కొలువసాగెను. దీనివలన కంపెనీకి అమ్మదగిన వస్తువేదియు వెంటనే పుట్టలేదు. జీతము తీసికొనుచు తన కుతూహలమును మాత్రము తీర్చుకొనుచున్నానేమో యని ఆయనకే సంకోచము కలుగుచుండెను. పరిశోధనాలయాధ్యక్షుడైన విల్లిస్ విట్నీ మాత్రము ఫలము కొరకు తొందరపెట్టక, పని సాగింపుమని ప్రోత్సహించెను. శిష్యుని ఓర్పుతో పోనిచ్చిన ఆ పెద్దమనుష్యుని ఉపకారమును ఉపాధ్యాయులమైన మేము ప్రత్యేకముగా స్మరింపవలసియున్నది.

ఆ ప్రయోగముల ఫలితమేమనగా, నత్రజని వలన దీపమునకు హానియే లేదు. నీటి ఆవిరి మాత్రము ఏ కొంచెమున్నను మిక్కిలి హాని చేయును. కాలుచున్న టంగ్‌స్టను ఆ ఆవిరిలోని ఆమ్లజనిని గైకొని ఆక్సైడుగా మారి గాజుపై చేరును. విడువబడిన ఉదజని పరమాణువులు గాజుపైనున్న ఆక్సైడునుండి ఆమ్లజనిని మరల లాగికొనగా, టంగ్‌స్టను నల్లని పూతగా గాజుపై మిగులును, నీరు మరల పుట్టును. ఆ నీరే తిరిగి తీగయొద్దకు పోయి అదే పని చేయును. ఈ విధముగా లేశమాత్రపు నీరు ఎడతెగని కూలివానివలె టంగ్‌స్టనును తీగనుండి మోసి గోడకు చేర్చుచుండును. నీరు బొత్తిగా లేని దీపములలోనైతే నలుపునకు కారణము గాలి కానేకాదు. తీగయే వేడికి ఆవిరియగుచుండుట.

రోగకారణము తెలిసినపిమ్మట మందు కనుగొనుట కష్టము కాలేదు. బుడ్డిలో నత్రజనిని, తరువాతి కాలమున ఆర్గానును నింపినచో, తీగనుండి లేచిన టంగ్‌స్టను పరమాణువులు ఆ వాయువు నడుమ ఢీకొని చాలవరకు వెనుకకు మరలును. వాయువు వేడిని హరించు నను దోషము కలదు. తీగను సన్నని చుట్టగా చుట్టినచో ఆ దోషమును తగ్గును. 1913లో ఈ విధానము సిద్ధమయ్యెను. అదే విద్యుచ్ఛక్తికి పూర్వముకంటె ఎక్కువ వెలుతురు లభించెను. అందరును గాలిని తోడివేయుటకు తంటాలు పడుచుండగా, వాయువును లోపలికి పంపినవాడే దీపమును బాగుచేసెను.

అయితే మేము ముఖ్యముగా చెప్పదలచినది దీపమును గూర్చి కాదు. దీపము చెంత ఆయనకు దొరకిన మరియొక రహస్యమును గూర్చి. కొద్దిపాటి ఉదజనిని బుడ్డిలో నుంచి తీగను మిక్కిలి కాల్చినప్పుడు ఆ వాయువు క్రమముగా మాయమగుచుండెను. రెండు పరమాణువులు జతగూడిన ఉదజని అణువు వేడి లోహము మీద రెండుగా విడిపోయి, ఆ ఒంటి పరమాణువులు గాజుగోడకు అంటుకొనుచున్నవని ఆయన కనుగొనెను. ఇదే ప్రయోగమును లేశమాత్రపు ఆమ్లజనిని చేర్చి చేసినచో ఉదజని విడిపోవుట ఆగిపోవుచుండెను. అంత స్వల్పమైన ఆమ్లజని అంతటి పనిని ఎట్లు ఆపగలదు? తీగ ఉపరితలము నంతయు అది కప్పివేసియుండవలెను. ఆ కప్పు మందమెంత? ఒక్క పరమాణువంత! అట్టి పలుచని పొర సుమారు 1,200 డిగ్రీల వేడిమిలో ఉదజని నడుమ నుంచినను లోహమును విడువకుండెను.

వాయువులు ఘనవస్తువులను అంటుకొనునని పూర్వులకును తెలియును. దీనికి అధిశోషణమని పేరు. అయితే భూమిచుట్టును వాతావరణ మున్నట్లే, లోహము చుట్టును వాయువు దట్టమై అనేక వరుసల మందముతో పేరుకొనియుండునని వారిలో పలువురి యభిప్రాయము. లాంగ్‌మ్యూర్ 1916 మొదలు 1918 వరకు ప్రకటించిన వ్యాసములలో దీనిని మార్చివేసెను.

ఆయన యుక్తి యిట్టిది. ఉప్పురవ్వవలెనే లోహము కూడ స్ఫటికమయము. అందు పరమాణువులు క్రమమైన వరుసలలో అమరియుండును. టంగ్‌స్టను స్ఫటికము లోపల నున్న ప్రతి పరమాణువునకు మిక్కిలి దగ్గరి పొరుగువారు ఎనమండ్రు. ఆ స్ఫటికమును ఘనముఖమువెంట ఛేదించినచో, పైముఖమున నున్న పరమాణువునకు నలుగురే మిగులుదురు. పొరుగువారిని పట్టుకొనవలసిన శక్తి కొంత పట్టు దొరకక మిగిలిపోవును. ఆ శక్తియే ఎదురుపడిన వాయుపరమాణువును పట్టుకొనును. ఆ పట్టు రసాయన పదార్థములలో పరమాణువులను కూర్చు బంధము వంటిదేగాని వేరొకటి కాదు. ఒక వరుస నిండగానే ఆ శక్తి తీరిపోవును. గనుక గట్టిగా నిలుచునది ఒక్క వరుస మాత్రమే.

దీనిని మన యెదుట జరుగు విషయముతో పోల్చి చెప్పెదము. ప్రతి సంవత్సరము ఫిబ్రవరి మాసమున గుణదల కొండకు యాత్రికులు తండోపతండములుగా వచ్చుట మన మెరుగుదుము. కొండమెట్లపై ఒక్కొక్కరికి ఒక్కొక్క చోటు. ఖాళీ చోటున్నచో వచ్చినవాడు కూర్చుండును. లేనిచో ముందుకు సాగిపోవును. ఒకని యొడిలో మరియొకడు కూర్చుండడు. కూర్చుండినవారు లేచిపోవుచుందురు, క్రొత్తవారు వచ్చుచుందురు. వచ్చి కూర్చుండువారును లేచిపోవువారును సరిసమానమైనప్పుడు, మనుష్యులు మారుచున్నను నిండిన చోట్ల సంఖ్య మారదు. లోహముపై వాయువు స్థితియు నిట్టిదే. ఏ ఒత్తిడియందు చోట్లలో సగము నిండునో దానిని ఒకటి యనుకొందము. ఒత్తిడి మూడు రెట్లయినచో నాలుగింట మూడు పాళ్లు నిండును. తొమ్మిది రెట్లయినచో పదింట తొమ్మిది నిండును. తొంబదితొమ్మిది రెట్లయినను నూటికి తొంబదితొమ్మిదియే. చోట్లు తరిగినకొలది క్రొత్తవారికి తావు దొరకుట దుర్లభమగుటయే దీనికి కారణము. ఈ లెక్కకే లాంగ్‌మ్యూర్ సూత్రమని పేరు. నేటికిని కళాశాల విద్యార్థులు దీనిని చదువుచున్నారు.

ఈ పోలికనే ఇంకొక యడుగు సాగింతము. మెట్టు చెంత క్షణమాగి చేరగిలబడినవాడు చిన్న త్రోపునకే కదలిపోవును. చాప పరచుకొని మూట దించుకొని కూర్చున్నవాడు అంత సులభముగా లేవడు. చల్లని లోహముపై బలహీనమైన ఆకర్షణతో నిలిచిన వాయువు మొదటివాని వంటిది. కొంచెము వేడి తగిలినంతనే లేచిపోవును. రసాయన బంధముతో పట్టుకొనినది రెండవవాని వంటిది. ఉదజని, ఆమ్లజని మొదలగు వాయువులు టంగ్‌స్టను వంటి లోహములపై ఇట్లు కూర్చుండునప్పుడు తమ జతనుగూడ విడిచి, ఒక్కొక్క పరమాణువు వేరువేరుగా లోహముతో బంధము కూర్చుకొనును.

ఇంత సూక్ష్మమైన లోకమున సంఖ్యలెంత గొప్పవో చూడుడు. ఒక చదరపు సెంటీమీటరు లోహముపై సుమారు పది కోటికోట్ల చోట్లుండును. మనము పీల్చు గాలి ఒత్తిడిలో ఒక్కొక్క చోటికి ప్రతి సెకనును కోట్లకొలది అణువులు వచ్చి తగులుచుండును. ఈ కోలాహలము కంటికి కనబడునది కాదు. బాల్యమున చెట్టు ఆకులను కూడ స్పష్టముగా చూడలేకపోయిన మనుష్యుడు దీనిని కొలతలచేతను ఆలోచనచేతను చూడగలిగెను.

ఈ జ్ఞానముయొక్క ప్రయోజనము అపారము. 1922లో ఆయన ప్లాటినముపై బొగ్గువాయువగు కార్బను మోనాక్సైడు ఆమ్లజనితో కలియు విధమును వివరించెను. ఈ విషవాయువు చోట్లనన్నిటిని ముందుగా ఆక్రమించినచో ఆమ్లజనికి తావు లేక పని మందగించును. అది కొంత తొలగి తావిచ్చినప్పుడు ఆమ్లజని వచ్చి చేరగా, రెండును కలిసి హాని తక్కువైన బొగ్గుపులుసు వాయువు బయలుదేరును. నేడు బెజవాడ ఏలూరు రోడ్డుపై పరుగెత్తు మోటారుకార్ల పొగగొట్టములలో ప్లాటినము మొదలైన లోహముల పూత గల పరికరములుండును. అందు జరుగునది ఈ కార్యమే.

మన డెల్టా రైతు వరిచేలలో చల్లు యూరియాకును ఇట్టి కథయే కలదు. యూరియాకు మూలము అమ్మోనియా. అమ్మోనియాకు మూలము గాలిలోని నత్రజని. నత్రజని అణువులోని రెండు పరమాణువులు మూడు బంధములతో పెనవేసికొనియున్నందున అది సులభముగా దేనితోను కలియదు. ఇనుప ఉపరితలమున చేరి అది రెండుగా విడిపోవును. ఉదజని పరమాణువులు ఒకటి తరువాత ఒకటిగా మూడు వచ్చి చేరగా అమ్మోనియా యేర్పడి లేచిపోవును. జర్మనీలో 1913 నుండియే కర్మాగారమున ఈ పని సాగుచున్నను, ఉపరితలముపై జరుగు ప్రతి మెట్టును విశదపరచినవాడు గెర్హార్డ్ ఎర్ట్‌ల్. ఇనుప స్ఫటికముయొక్క ఒక ముఖముపై నత్రజని శీఘ్రముగను, వేరొక ముఖముపై మిక్కిలి మందముగను విడిపోవునని ఆయన పరిశోధనలవలన తెలిసెను. ఆయనకు 2007లో నోబెల్ బహుమానము లభించెను. లాంగ్‌మ్యూర్ దున్నిన పొలమున పండిన పంట యిది.

లాంగ్‌మ్యూర్ నీటిపై తేలు నూనెపొరలును ఒక్క అణువు మందముగానే పరచుకొనునని చూపెను. ఈ పనిలో ఆయనకు సహాయురాలైన కాథరిన్ బ్లాడ్జెట్ కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున భౌతికశాస్త్రములో డాక్టరు పట్టము పొందిన మొదటి స్త్రీ. ఆమె అట్టి పొరలను గాజుపై ఒకదానిపై నొకటి చేర్చి, కాంతిని ప్రతిఫలింపని గాజును తయారుచేసెను. మా పాఠశాల బాలికలు ఈ పేరును జ్ఞాపకముంచుకొందురు గాక. ఉపరితల రసాయనశాస్త్రమున చేసిన కృషికై 1932లో లాంగ్‌మ్యూర్‌నకు నోబెల్ బహుమానమీయబడెను.

ఆయన గృహజీవితమును, వినోదములను గూర్చి రెండు మాటలు చాలును. 1912లో మేరియన్ మెర్సెరో అను నామెను వివాహమాడి, ఇద్దరు పిల్లలను దత్తత చేసికొని పెంచెను. కొండలెక్కుట, మంచుపై జారుట, విమానము నడుపుట ఆయనకు ప్రీతికరములు.

మహనీయుల జీవితమును వ్రాయునప్పుడు లోపములను దాచుట సత్యమునకు న్యాయము కాదు. 1946లో ఆయన సహాయకుడు విన్సెంట్ షేఫర్, మిక్కిలి చల్లబడిన మేఘములలో గడ్డకట్టిన బొగ్గుపులుసు వాయువును చల్లి మంచురేణువులను పుట్టించుట కనిపెట్టెను. ఇది నిజమైన ఆవిష్కారమే. మన ఆంధ్రప్రదేశమున ఈ శతాబ్దపు మొదటి దశాబ్దిలో వానల కొరకు జరిగిన మేఘమథనమునకు మూలము ఈ పనియే. అయితే వాతావరణమును మనుష్యుడు విశేషముగా మార్చగలడని లాంగ్‌మ్యూర్ తొందరపడి నమ్మెను. 1947లో ఒక తుపానుపై ఇట్టి ప్రయోగము చేయగా, అది త్రోవ మరలి జార్జియా తీరమును తాకెను. త్రోవ మరలుటకు తమ ప్రయోగమే కారణమని ఆయన వాదించెను. మరలుట ప్రయోగమునకు ముందే ఆరంభమైనదని వాతావరణ శాస్త్రజ్ఞులు తరువాత తేల్చిరి. చిత్రమేమనగా, 1953లో ఆయనయే, కోరినదానినే చూచునట్టి శాస్త్రజ్ఞుల భ్రమలను గూర్చి ప్రసిద్ధమైన ఉపన్యాసమొకటి చేసెను. పరులయందలి భ్రమను అంత చక్కగా విడదీసి చూపినవాడు మేఘముల విషయమున తన భ్రమను కానలేకపోయెను.

బుడ్డిలో ఆయన గెలుచుటకును, ఆకాశమున పొరబడుటకును కారణము వెదకినచో, అది ఆయన బుద్ధియందు గాక పరీక్షించు పద్ధతియందే కనబడును. బుడ్డిలో వాయువులను ఒక్కొక్కటిగా పంపెను. ఒకదానిని మార్చునప్పుడు తక్కినవానిని కదలనీయలేదు. వాయువు లేనప్పుడు ఏమగునో, ఉన్నప్పుడు ఏమగునో రెండును కొలిచెను. ఆకాశమునకు మూతలేదు. చల్లకుండినచో తుపాను ఎటు పోయెడిదో పోల్చి చూచుటకు రెండవ తుపాను లేదు. అట్టిచోట మరింత వినయముతో నుండవలసినది.

1957 ఆగస్టు 16వ తేదీన, మసాచుసెట్స్ రాష్ట్రమున వుడ్స్‌హోల్ అను సముద్రతీర గ్రామమునొద్ద, లాంగ్‌మ్యూర్ స్వర్గస్థుడయ్యెను. కృష్ణపై మన ప్రకాశం బరాజు ప్రారంభమైనదియు ఆ సంవత్సరమే. అలాస్కాలో ఒక పర్వతమునకును, 1985లో ఆరంభమైన ఉపరితలశాస్త్ర పత్రికకును ఆయన పేరు పెట్టబడినది.

బాలబాలికలారా, పాత తీగదీపపు బుడ్డి యెక్కడనైన కనబడినచో చేతిలోనికి తీసికొని చూడుడు. పలువురు దానిలో నలుపును మాత్రము చూచిరి. ఒకడు ఆ నలుపు ఎందుకు కలిగెనని యడిగి, మూడేండ్లు ఓపికతో కొలిచి, ఒక క్రొత్త శాస్త్రమును లోకమునకిచ్చెను. ప్రయోగశాలలో మీరు వ్రాయు ప్రతి కొలతను ఉన్నది ఉన్నట్లు వ్రాయుడు. కోరిన ఫలము వచ్చినప్పుడు మరింత జాగ్రత్తగా రెండవసారి చూడుడు. ఆయన గెలుపువలనను పొరపాటువలనను మనము నేర్వవలసిన పాఠ మిదియే.